ఐసు గీకే కడ్డీలు

దోహా, మెసైమీర్. 2007 డిసెంబరు. శుక్రవారం పొద్దున, ఒక విల్లా వంటిల్లు.

"ముందు కోపం జెయ్యనని మాటియ్యుండ్రి వసుంధరమ్మా. అటెన్క చెప్త."

"మాటలివ్వడం తర్వాత చూద్దాం జలంధర్. నా కొబ్బరికోరు ఏది?"

"ఉన్నది."

"ఉందని నాకూ తెలుసు. ఇనప వస్తువు, ఆవిరైపోదు. ఎక్కడుంది?"

"అల్ షహానియాల."

"ఒంటెల ఫారంలోనా? ఒంటెలకు కొబ్బరి పచ్చడి పెడుతున్నావా?"

"లేదమ్మా. బండి కింద ఉన్నది."

"ఏ బండి కింద?"

"గదే, మన మాలిక్ అర్బాబ్ మంచు మీద తోలే బండి, గా ఐసుబండి కింద."

"చూసి ఇచ్చేస్తానన్నావు. దాని పళ్ళు ఎంతెంత దూరంలో ఉన్నాయో కొలుచుకుని, అలాంటివి ఇనప రేకుతో చేసుకుని, మర్నాడే తెస్తానన్నావు."

"కొలిచిన. చేసిన. నేను చేసిన పండ్లు ఐసు మీద రెండు గీట్లు గీకి వంగిపోయినై. మీ కోరు పండ్లు వంగలే. గందుకే..."

"అందుకే?"

"కోసిన."

"ఏం కోశావు?"

"కోరునే. నడిమికి రెండు ముక్కలు. కుడి కడ్డీకొకటి, ఎడమ కడ్డీకొకటి వెల్డింగ్ పెట్టిన."

"తెనాలిలో కొన్న కోరు అది. ఇరవై రెండేళ్ళు మొక్కవోకుండా పనిచేసింది. కోసేముందు ఒక్క మాట అడగొద్దూ?"

"అడిగితే ఇస్తురా?"

"ఇవ్వను."

"గందుకే అడగలే."

"మధ్యాహ్నం తెలుగు సంఘం వాళ్ళు పద్నాలుగు మంది భోజనానికొస్తున్నారు. కొబ్బరన్నం అని చెప్పి మరీ పిలిచాను. వాళ్ళందర్నీ అల్ షహానియా తీసుకెళ్ళి బండి కింద పడుకోబెట్టనా?"

"మిక్సీల ఏస్తె కాదా అమ్మా?"

"ఇంజన్ల గురించి నువ్వు చెప్పు, వింటాను. కొబ్బరి గురించి చెప్పకు. సరే, పనిచేసిందా?"

"ఏంది?"

"ఏందంటావేమిటి? కోరు ప్రాణం తీశావు. అది చచ్చినందుకు ఇంజను చల్లబడిందా, లేదా?"

"అబ్బో, మస్తుగ పని చేసిందమ్మా."

"అలా కాదు. మొదటినుంచీ చెప్పు. పప్పు కుక్కర్లో ఉంది, మూడు విజిళ్ళ లోపు చెప్పాలి."

"అల్ వక్రాల గులాం నబీ ఉన్నడు గద, చేపల కోల్డ్ స్టోరు వాచ్‌మెన్. అండ్ల ఓ పెద్ద గది ఖాళీగుండె. నేలంత నీళ్ళు పోసి మూడు దినాలు గడ్డ కట్టిచ్చినం. రాయి లెక్క అయింది. నిన్న పొద్దుగాల అర్బాబ్ వచ్చిండు. బండి లోపల దించినం."

"మూసిన గదిలో పెట్రోలు పొగా?"

"తలుపులు రెండు దిక్కుల బార్ల తెరిచినం. నా చేపలకు దగ్గు లేస్తదని గులాం నబీ ఒకటే లొల్లి."

"తర్వాత?"

"తర్వాత నిమ్మకాయలు పెట్టిన."

"ఎక్కడ?"

"బండి కింద. కొత్తగ బండి షురూ జేస్తే నిమ్మకాయ తొక్కియ్యకుంటె ఎట్ల? గని దీనికి పయ్యలే లేకపాయె. ముందట పడవ ముక్కు లెక్క రెండు స్కీలు, ఎనుక రబ్బరు పట్ట. ఎక్కడ పెట్టాల్నో సమజ్ కాలె. స్కీల కింద పెట్టిన. గా సలికి అవి గడ్డకట్టి గోటీలైనై. తొక్కితే పగలలే. ఎగిరి పోయి గులాం నబీ మోకాలికి కొట్టుకున్నై."

"అర్బాబ్ చూశాడా?"

"ఇదేంది అని అడిగిండు. ఇండియన్ సేఫ్టీ అన్న."

"కొబ్బరికాయ కూడా కొట్టి ఉంటావు."

"కొట్టకుంటె బాగుండదు గద. నీళ్ళు పడ్డకాడ ఐసు ఇంకింత గట్టిగైంది. అర్బాబ్ జారి, నా మీద పడి, నేను చేపల డబ్బాల మీద పడి..."

"ఒక విజిల్ అయింది. బండి దగ్గరకు రా."

"మొదాలు కడ్డీలు పైకి కట్టి నడిపిండు. ఆరు చక్కర్లు తిరగంగనె సూది ఎర్ర గీతకొచ్చింది. పొడి మంచైతే పట్ట తిరిగినప్పుడు లేశి సీటు కింద రేకు మీద పడ్తది, అండ్ల పారే నీళ్ళు సల్లగైతై. గట్టి ఐసు మీద పొడి ఏడికెళ్ళి వస్తది? పోయినేడు సలికాలం షికారుకు పోయినప్పుడు ఫిన్లాండ్‌ల గిట్లనే బండి మసిలింది. దోస్తులు తాడు కట్టి గుంజుకపోయిండ్రు. అప్పటిసంది ఆయనకు ఎవలు ఫోన్ చేసినా ముందుగాల, నీ కుంటి ఒంటె ఎట్లున్నదని అడుగుడే."

"పాపం. మన కంపెనీ ఆయనదే, మీ ఫారం ఆయనదే, ఊళ్ళో సగం అద్దెలు ఆయనవే. ఒక్క బండి ఆయన మాట వినలేదు. సరే, కడ్డీలు దించాక?"

"దించినంక సూడాలె అమ్మా! నాంపల్లి నుమాయిష్‌ల ఐసు గోలా బండి సంగతి మీరు చెప్పలే? ఐసు గడ్డను గీకితే పొడి రాలుతదని? అచ్చం గట్లనే. కర్‌కర్‌మని గీకుతుంటె తెల్లటి పొడి లేశి రేకుకు కొట్టుకున్నది. ఇరవై చక్కర్లు! సూది సగం కాడికెళ్ళి కదలలే."

"ఐసు కరిగేటప్పుడు వేడిని తాగేస్తుంది. గుంటూరులో మూడేళ్ళు చదివిన ఫిజిక్సు ఇన్నాళ్ళకు ఎవరికో పనికొచ్చింది. రివర్స్?"

"రివర్సుల కడ్డీలు నేలకు తన్ని ఇరుగుతయని మీరన్నరు గద. మీరిచ్చిన లంగ నాడాతోని హ్యాండిల్‌కు కట్టిన. గుంజితే లేస్తై, ఇడిస్తే దిగుతై."

"అది ఏమిటని అడగలేదు కదా?"

"అడిగిండు. కంట్రోల్ కేబుల్ అన్న."

"నవ్వించకు. చేతిలో కత్తిపీట ఉంది."

"పట్టుకొని చూసిండు గూడ. వెరీ స్ట్రాంగ్ అన్నడు."

"రెండో విజిల్. ఇంత బాగా జరిగితే ఆ మొహమేమిటి మరి, చందాకొచ్చినవాడిలా? సంతకం పెట్టాడా?"

"పప్పు అడుగంటుతున్నట్టున్నదమ్మా."

"అంటదు. నువ్వు దేశం దాటి ఊరెళ్ళడానికి ఆ ఎగ్జిట్ కాగితం మీద సంతకం పెట్టాడా?"

"పెడతడు."

"పెడతాడా, పెట్టాడా?"

"పెడతనన్నడు."

"బండి మసలకుండా చేసినవాడు ఏమడిగితే అది, అదే రోజు ఇస్తానని మజ్లిస్‌లో నలుగురి ముందూ అన్నాడు కదా?"

"అన్నడు."

"నువ్వు ఇంటికెళ్ళాలని అడిగావు కదా?"

"అడిగిన."

"మీ చెల్లెలి కూతురికి మూడో ఏడు నిండేది ఎప్పుడు?"

"జనవరి పదిహేడు. గా లోపట ఎములాడ గుడికి పోయి పుట్టెంటికలు తియ్యాలె. తప్పితే ఐదో ఏడు దాక ఆగుడే. పిల్లను మేనమామ ఒళ్ళె కూసోబెట్టుకొని మొదటి కత్తెర పెట్టాలె. ముత్తవ్వకు నేనొక్కన్నే అన్నను. వేరే మేనమామ ఏడికెళ్ళి వస్తడు? రెండేండ్లసంది అర్బాబ్ బుక్రా బుక్రా అంటనే ఉన్నడు, ఆయన రేపు వస్తలేదు."

"ఇప్పుడు జుట్టెంత ఉంది?"

"నడుము దాక. మా అవ్వ పేరే పెట్టిండ్రు, పోచవ్వ అని. దువ్వెన కనవడితే మంచం కింద దూరుతదట. మొన్న ఫోన్ల, మామా దువ్వెన బాయిల పారేశిన, నువ్వు కత్తెర తీస్కరా అన్నది."

"గడుసుదే."

"ఐసు గీకే పని అయిపోంగనె వస్త అని ముత్తవ్వకు చెప్పిన. దుబాయ్‌ల ఐసేందన్నా, రావుడు ఇష్టం లేకుంటె లేదని చెప్పు అని ఏడ్చింది. ఇది దుబాయ్ గాదే, ఖతర్ అన్న. అండ్ల గూడ ఐసుండదు గద అన్నది."

"పాయింటే. మరి అడ్డమేమిటి? చెప్పు. మూడో విజిల్ కూడా అయిపోయింది."

"అర్బాబ్ మస్తు ఖుషైండమ్మా. తెల్ల తోబు అంగీ నిండ ఐసు పొడి. దిగి నన్ను కావలిచ్చుకున్నడు. ఇది చేసినోన్ని నాతోని ఫిన్లాండ్ తోల్కపోత అన్నడు. కడ్డీలు అరిగినా ఇరిగినా చేసినోడు పక్కన్నే ఉండాలె అన్నడు. జనవరి మూడుకు పోవుడు, ఇరవై ఎనిమిదికి వచ్చుడు."

"అయ్యో, జలంధర్."

"అయ్యో అనుకునే టైం గూడ ఇయ్యలే. గుండె జారింది. దానితోని మాట గూడ జారింది."

"ఏం మాట?"

"నేను చెయ్యలే అన్న."

"మరి ఎవరు చేశారన్నావు? కొంపదీసి నా పేరు..."

"తోబ తోబ! మీ పేరెందుకు చెప్త?"

"హమ్మయ్య."

"సార్ పేరు చెప్పిన."

"ఏ సారు?"

"మన సారే. కృష్ణప్రసాద్ సార్."

"మా ఆయనా?"

"కంపెనీల ఎవలు పని చేసినా పేరు ఇంజనీరుదే గద అమ్మా. పదకొండేండ్ల అలవాటు. నోరు తెరవంగనె అదే వచ్చింది. ఇంజనీర్ సార్ చేసిండు, నాది వెల్డింగే అన్న."

"జలంధర్, ఆయన ఆఫీసులో అందరికీ ఏసీలు బిగించి, ఇంటికొచ్చి మఫ్లర్ చుట్టుకునే మనిషి."

"ఎరుకే."

"అసలా కడ్డీల సంగతే ఆయనకు తెలియదు. ఇదే బండి గురించి అర్బాబ్ అడిగితే రెండు నెలలు కూర్చుని రిపోర్టు రాశారు. ముప్పై నాలుగు పేజీలు, నాలుగు గ్రాఫులు. చివరికి ఏం తేల్చారో తెలుసా? గట్టి ఐసు మీద నడపకపోవడం మంచిదని."

"తప్పైందమ్మా. పొద్దున్నే కాళ్ళు మొక్కి చెప్పుదామని వచ్చిన. మీరు కోరు అడిగిండ్రు. నేను కోరు కాడనే ఆగిన."

"సంతకం సంగతేమిటి మరి?"

"ఇద్దర్ల ఒకరు అన్నడు. ఇంజనీరు వస్తనంటె నా కాగితం మీద సంతకం. రానంటె నేనే పోవాలె, ఫిన్లాండ్‌కు."

"అంటే మా ఆయన చలికి వెళితే మీ పోచవ్వ జుట్టు తీస్తారు. ఆయన దుప్పటి కప్పుకుని ఇంట్లో కూర్చుంటే ఆ పిల్ల ఐదో ఏడుదాకా మంచం కింద."

"గంతే. నేనే చెప్త సారుకు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, గదువ పట్టుకుంట."

"వద్దు. గడ్డం పట్టుకుంటే ఆయనకు అనుమానం వస్తుంది. అదుగో కారు. నువ్వేం మాట్లాడకు. ఈ పప్పు గిన్నె పట్టుకో, గరిటె తీసుకో."

"ఏం జేయాలె?"

"కలుపు. నేను చెప్పేదాకా ఆపకు. వచ్చారా అండీ? పాలకని వెళ్ళి గంటన్నర!"

"పాలు దొరికాయి. ఏమోయ్ జలంధర్, శుక్రవారం మా వంటింట్లో డ్యూటీయా?"

"సింకు కారుతోందని నేనే పిలిచానండీ."

"పప్పు కలిపితే సింకు కారడం ఆగుతుందా?"

"నమస్తే సార్."

"నమస్తే. దారిలో అర్బాబ్ ఫోన్ చేశాడు వసుంధరా. ఇంటికి రమ్మన్నాడు, వెళ్ళొచ్చాను. గావా కాఫీ ఇచ్చాడు. రెండు కప్పులు. నన్ను మెచ్చుకున్నాడు."

"దేనికండీ?"

"ఏదో ఐసు గీకే కడ్డీలట. నేను చేశానట."

"మీరా! నాకొక్క మాట చెప్పలేదే!"

"నాకూ ఎవరూ చెప్పలేదు."

"సార్, గదీ..."

"జలంధర్, అడుగు అంటుతోంది, కలుపు. మీరేమన్నారు మరి అర్బాబ్‌తో?"

"ముందు మర్యాదగా విన్నాను. తర్వాత మర్యాదగా మాట్లాడాను. ఇంతకీ అవి ఎలా పనిచేస్తాయి? ఈ ఇంట్లో ఎవరికైనా తెలుసా?"

"నాకేం తెలుస్తుంది?"

"జలంధర్?"

"నాది వెల్డింగే సార్."

"చేసినవాణ్ణి నేనైనప్పుడు ఎలా చేశానో నాకు తెలిసుండాలి కదా. రేపు పదిమందిలో అడిగితే?"

"ఊహించి చెప్పమంటే నేను చెబుతానండీ."

"ఊహించు."

"రెండు స్ప్రింగు కడ్డీలుంటాయేమో. పాత పికప్ సీటులోవి అనుకోండి. స్కీలకు వెనకగా, ఏటవాలుగా, కొనలు వెనక్కి చూస్తూ. ముందుకు చూశాయంటే ఐసులోకి దిగబడి విరుగుతాయి. కొనకు పళ్ళున్న ముక్క. మరీ వెడల్పయితే గీతలు పడతాయిగానీ పొడి లేవదు. స్ప్రింగు కాబట్టి ఎత్తుపల్లాలొస్తే అదే లేస్తుంది, అదే దిగుతుంది."

"చాలా వివరంగా ఊహించావు."

"సైన్సు చదివిన దాన్ని కదండీ."

"ఆ కొనకు మామూలు ఇనుమైతే వంగిపోదూ?"

"వంగింది సార్, గందుకే..."

"గరిటె, జలంధర్!"

"ఇంకో సంగతి. చేసినవాడు తనతో ఫిన్లాండ్ రావాలంటున్నాడు అర్బాబ్. జనవరి మూడు నుంచి ఇరవై అయిదు రోజులు."

"ఎంత మంచి అవకాశమండీ!"

"మైనస్ ముప్పై అట."

"అదెంత?"

"మైనస్, వసుంధరా. ముప్పై ముందర ఒక గీత ఉంటుంది. ఆ గీత గురించి చెబుతున్నాను."

"మైనస్ పది దాటాక ఇక తేడా తెలియదట. పైగా పొడి చలి. ఎముకల్లోకి దిగదు."

"ఎవరన్నారు?"

"ఎక్కడో చదివాను. మన తెలుగు సంఘం భానుమతి వాళ్ళన్నయ్య కూడా అన్నాడు, రష్యాలో చదివొచ్చాడు కదా. అక్కడ ఆయనకు తుమ్ము కూడా రాలేదట."

"వోడ్కా తాగుతూ తుమ్మడం కష్టం. అక్కడ తిండో? జింక మాంసం తింటారట."

"ఆవకాయ, కందిపొడి, చిన్న కుక్కరు పెట్టెలో ఉంటే ఎక్కడైనా బతకొచ్చు. నేను సర్దనూ?"

"కడ్డీ విరిగిందనుకో. మంచులో వెల్లకిలా పడుకుని బిగించాలి."

"రెండు బోల్టులండీ! వంటింట్లో పటకారు పట్టగలిగినవాళ్ళెవరైనా బిగిస్తారు. ఆడవాళ్ళు కూడా చేసే పని."

"ఆడవాళ్ళు కూడానా?"

"ఆడవాళ్ళే శుభ్రంగా చేస్తారు, మాటవరసకి."

"మరి ఇల్లు? ఇరవై అయిదు రోజులు ఇల్లొదిలి ఉండాలంటే..."

"ఇల్లెక్కడికి పోతుంది? పిల్ల హైదరాబాదు హాస్టల్లో ఉంది. మిగిలింది ఒక్క మనిషి. ఒక్క మనిషికి వంటేమిటి, వార్పేమిటి? పెరుగూ బ్రెడ్డూ ఉంటే నెల గడిచిపోతుంది."

"ఒక్క మనిషి గడపొచ్చంటావు."

"నిక్షేపంలా."

"నాకేమో మనసొప్పడం లేదు. మంచు ఏముంది చూడ్డానికి? తెల్లగా ఉంటుంది."

"అలా అనకండి. పైనుంచి చప్పుడు లేకుండా రాలుతుందట. అరచేతిలో పడితే ఒక్కో రేకుకు ఒక్కో ముగ్గు ఉంటుందట, ఏ రెండూ ఒకలా ఉండవట. ఇంటరులో మా మేడం బోర్డు మీద వేసి చూపించింది. అప్పట్నుంచీ..."

"అప్పట్నుంచీ?"

"ఏం లేదు. ఎంతమందికి దొరుకుతుంది అంటున్నాను."

"నీకు చూడాలనుందా?"

"ఇప్పుడు నా సంగతెందుకు? మీ ప్రయాణం గురించి మాట్లాడుతుంటేనూ."

"అమ్మా, నాతోని కాదు."

"కలుపు, జలంధర్."

"పప్పు పేస్టయిపోయిందమ్మా, ఇంక కలిపేదేం లేదు. సార్, ఇనుండ్రి. కడ్డీలు నేను చేసిన. నేను పోవుడు తప్పుతదని మీ పేరు చెప్పిన. మా చెల్లె బిడ్డకు పుట్టెంటికలున్నై, నేను మేనమామను. గని అబద్ధం చెప్పి, మిమ్ముల గంత సలికి తోలి, గా పిల్లను ఒళ్ళె ఎట్ల కూసోబెట్టుకోవాలె? కత్తెర ఆడదు సార్ నా చేతుల. నేనే పోత ఫిన్లాండ్. ముత్తవ్వకు ఫోన్ చేసి ఐదో ఏడు తీద్దామంట."

"అయిపోయిందా?"

"అయిపోయింది సార్."

"గిన్నె కింద పెట్టు. చేతులు కడుక్కో. సింకు బాగానే ఉంది, భయపడకు. ఇదుగో, ఈ కాగితం చదువు."

"అరబీ రాదు సార్ నాకు."

"అరబీ నాకూ రాదు. కింద సంతకం ఎవరిదో చెప్పు."

"ఇది... ఇది అర్బాబ్‌దే! ఒంటె మెడ లెక్క తోక వంకర. ఆయనదే సార్!"

"డిసెంబరు ఇరవై తొమ్మిది నుంచి రెండు నెలలు. ఇందాక గావా తాగుతుండగా పెట్టించాను. ఇంక ఏడవకు, పెద్దవాడివి. ముందు మీ చెల్లెలికి ఫోన్ చెయ్యి."

"సార్, మరి మీరు... నా కోసం గా మైనస్‌ల..."

"నేనా? నేనెక్కడికీ వెళ్ళడం లేదు. అవి చేసింది నేను కాదని అర్బాబ్‌కు చెప్పేశాను."

"చెప్పేశారా! మరి సంతకం ఎలా పెట్టాడండీ? ఇద్దరిలో ఒకరు రావాలన్నాడటగా?"

"ఇద్దరిలో ఒకరని నీకెవరు చెప్పారు?"

"అంటే... జలంధర్ పప్పు కలుపుతూ..."

"వసుంధరా, నెల రోజులుగా భోజనాల బల్ల మీద స్ప్రింగులు. ఫ్రీజర్‌లో చేపలకు బదులు నీళ్ళ పళ్ళేలు. నీ చీర కొంగుకు గ్రీజు. నా రిపోర్టు ముప్పై నాలుగో పేజీ వెనక నీ పెన్సిల్ బొమ్మ, పక్కనే కరివేపాకు, ఇంగువ అని సరుకుల చీటీ. నేను ఆ రిపోర్టు అలాగే అర్బాబ్‌కిచ్చాను. ముందు వైపు ఆయన ఇప్పటికీ చదవలేదు. వెనక వైపు మాత్రం ఫ్రేము కట్టిస్తానన్నాడు."

"ఏమండీ..."

"జలంధర్ చేశాడు, నిజమే. కానీ పళ్ళు వెనక్కి తిప్పమన్నది ఎవరు, రివర్సులో పైకి లేపమన్నది ఎవరు అని అడిగాడు. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. మన ముగ్గురిలో అది నా ఒక్కడికే చేతకాదు."

"ఏమన్నాడు?"

"లోపలికెళ్ళి వాళ్ళావిడతో చెప్పాడు. ఆవిడ బయట కూర్చున్న నాకు వినపడేలా నవ్వింది. నాలుగేళ్ళుగా వెళుతున్నాను, ఆ మంచులో కబుర్లు చెప్పే మనిషొక్కరు దొరకలేదందట."

"నన్నొక్క మాట అడగొద్దూ?"

"నన్నెవరైనా అడిగారా?"

"అదీ... ఇరవై అయిదు రోజులండీ! ఇల్లు..."

"ఒక్క మనిషి నిక్షేపంలా గడుపుతాడు. సోమవారానికల్లా నీ పాస్‌పోర్టు, రెండు ఫోటోలు ఇమ్మన్నాడు."